లోపలి సంగతి అంచే చెబుతుంది: స్థితిస్థాపక సమస్యల్లో బౌండరీ ఎలిమెంట్ లెక్క

పెద్ద ఉక్కు పలక ఒకటి, దాని మధ్యలో చిన్న గుండ్రటి రంధ్రం. పలకను ఎదురెదురుగా ఉన్న రెండు పక్కల నుంచీ సమానంగా లాగితే ఆ రంధ్రం అంచున స్ట్రెస్, అంటే ఒక్కో యూనిట్ వైశాల్యం మీద పడే బలం, ఎంత ఉంటుంది? 1898లో కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు దీనికి కాగితం మీదే జవాబు రాబట్టాడు. రంధ్రం అంచున, లాగే దిశకు అడ్డంగా ఎదురెదురుగా ఉండే రెండు బిందువుల దగ్గర స్ట్రెస్, రంధ్రానికి దూరంగా పలకలో ఉండేదానికి సరిగ్గా 3 రెట్లు అవుతుంది. లాగే దిశలోనే ఉండే మిగతా రెండు బిందువుల దగ్గర అది తిరగబడి నొక్కుడుగా మారుతుంది, అక్కడ పరిమాణం 1 రెట్టే. రంధ్రం చిన్నదా పెద్దదా, పలక ఉక్కుదా అల్యూమినియందా అన్నదానితో ఈ 3కు సంబంధం లేదు. రంధ్రంతో పోలిస్తే పలక చాలా పెద్దదై ఉంటే చాలు.

ఇక్కడ తెలుసుకోవాలనుకున్నదంతా రంధ్రం అంచు మీదే ఉంది. పగులు మొదలయ్యేది అక్కడే. అంచుకు దూరంగా పలక లోపల ఏం జరుగుతుందో ఎవరూ అడగరు. అయినా ఈ సమస్యను కంప్యూటర్‌కు ఇచ్చినప్పుడు మామూలుగా చేసేది పలక మొత్తాన్నీ చిన్న చిన్న ముక్కలుగా కోయడం. రంధ్రం పక్కన సన్నటి ముక్కలు, దూరం పోయే కొద్దీ పెద్ద ముక్కలు, చివర ఎక్కడో ఒక చోట "ఇక్కడితో పలక అయిపోయింది" అని ఒక ఊహారేఖ. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి పని తీరు ఇదే, అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది కూడా. కానీ అడిగిన ప్రశ్న అంచు గురించైతే, అంచు మీదే లెక్క చేసి వదిలేయలేమా అన్న ఆలోచన సహజంగానే వస్తుంది. చేయవచ్చు. దాన్నే బౌండరీ ఎలిమెంట్ పద్ధతి, అంటే అంచు పద్ధతి అంటారు. దాని వెనక దాదాపు 200 ఏళ్ల గణితం ఉంది. దానికి చెల్లించాల్సిన ధర కూడా ఉంది.

ముందు "రేఖీయ స్థితిస్థాపకత" అన్న మాటకు అర్థం చూడాలి. వస్తువును లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది, సాగడం లాగిన బలానికి అనుపాతంలో ఉంటుంది. ఇది 1678లో హుక్ చెప్పిన సంగతి. 1820ల మొదట్లో నేవియర్, కోషీ దాన్ని మూడు కొలతల ఘనపదార్థానికి విస్తరించి అవకలన సమీకరణాలుగా రాశారు. వస్తువులో ప్రతి బిందువూ ఎటు, ఎంత కదిలిందో చెప్పే స్థానభ్రంశమే వీటిలో తెలియని రాశి. పదార్థం గురించి రెండే సంఖ్యలు కావాలి: దృఢతా గుణకం (ఆకారం మారకుండా పదార్థం ఎంత మొండికేస్తుందో), పాయిజాన్ నిష్పత్తి (ఒక దిశలో లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో). ఒక భారానికి వచ్చిన జవాబును, ఇంకో భారానికి వచ్చిన జవాబును కూడితే రెండు భారాలూ కలిసి ఉన్నప్పటి జవాబు వస్తుంది. అంచుల మీద చేసే లెక్క అంతా ఈ కూడిక మీదే నిలబడి ఉంది. స్థానభ్రంశాలు పెద్దవైనా, పదార్థం శాశ్వతంగా వంగిపోయినా ఈ కూడిక చెల్లదు.

కూడిక చెల్లుతుందంటే పెద్ద భారాన్ని కోట్లాది సూదిమొనంత భారాలుగా విడగొట్టుకోవచ్చు. ఒక్క సూదిమొన భారానికి జవాబు తెలిస్తే చాలు. ఆ జవాబును 1848లో విలియం థామ్సన్ కనుక్కున్నాడు, తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా పేరొందినవాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు కూడా నిండలేదు. అన్ని దిక్కులా అంతు లేకుండా పరుచుకున్న పదార్థం మధ్యలో ఒక్క బిందువు దగ్గర బలం వేస్తే, చుట్టూ ఉన్న ప్రతి బిందువూ ఎంత కదులుతుందో అతని సూత్రం చెబుతుంది. కదలిక దూరానికి విలోమంగా తగ్గుతుంది, స్ట్రెస్ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది.

ఈ సూత్రాన్ని ఇంకాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే పద్ధతికి ఆయువుపట్టు ఇదే. బలం వేసిన దిశలోనే, కొంత దూరంలో ఒక బిందువు తీసుకుందాం. బలానికి అడ్డంగా అంతే దూరంలో ఇంకో బిందువు. రెండూ బలం దిశలోనే కదులుతాయి, కానీ సమానంగా కాదు. పాయిజాన్ నిష్పత్తి 0.3 అయితే, అంటే దాదాపు ఉక్కు అయితే, ఎదురుగా ఉన్న బిందువు కదలిక 2.8 పాళ్లు, పక్కన ఉన్నదాని కదలిక 1.8 పాళ్లు. రబ్బరు లాగా ఘనపరిమాణం మారని పదార్థంలో పాయిజాన్ నిష్పత్తి 0.5కు చేరుతుంది, అప్పుడు ఈ పాళ్లు 2, 1 అవుతాయి. పదార్థం స్వభావమంతా, ఒక చోటి నెట్టుడు ఇంకో చోటికి ఎలా చేరుతుందన్న సమాచారమంతా ఈ చిన్న సూత్రంలో ఇమిడి ఉంది. లోపలి భాగాన్ని ముక్కలు చేయనక్కర్లేకపోవడానికి అసలు కారణం ఇదే. లోపలి భాగం గురించిన జ్ఞానం ముందే, ఏ ఉజ్జాయింపూ లేకుండా, కాగితం మీద తేలిపోయింది.

కానీ కెల్విన్ పదార్థానికి అంచులే లేవు. నిజమైన వస్తువుకు ఉంటాయి. ఈ రెండింటినీ కలిపిన వంతెన 1872లో ఇటలీ గణితజ్ఞుడు ఎన్రికో బెట్టి నిరూపించిన సిద్ధాంతం. ఒకే వస్తువు మీద వేర్వేరుగా రెండు రకాల భారాలు వేశాం అనుకుందాం. మొదటి భారాలను రెండోసారి వచ్చిన కదలికలతో గుణిస్తే ఎంత పని వస్తుందో, రెండో భారాలను మొదటిసారి వచ్చిన కదలికలతో గుణిస్తే సరిగ్గా అంతే వస్తుంది. చూడటానికి అమాయకంగా కనిపించే మాట ఇది. బెట్టి శిష్యుడు సోమిగ్లియానా 1880ల మధ్యలో ఇందులోంచి పెద్ద ఫలితమే రాబట్టాడు. మొదటి భారంగా మనకు కావలసిన అసలు సమస్యను, రెండో భారంగా కెల్విన్ సూదిమొన బలాన్ని పెట్టాడు. సూదిమొన ఒక్క బిందువు దగ్గరే ఉంది కాబట్టి, లోపలి పని అంతా పోయి ఆ ఒక్క బిందువు స్థానభ్రంశమే మిగులుతుంది. మిగతావన్నీ అంచు మీది సమాకలనాలే.

ఇలా వచ్చిన సమీకరణాన్ని మాటల్లో చెప్పాలంటే, అంచు మీద ప్రతి చోటా స్థానభ్రంశం ఎంతో, ఉపరితలం మీద పనిచేసే బలం ఎంతో తెలిస్తే, లోపల ఏ బిందువు కదలికైనా కేవలం కూడికతో తేల్చవచ్చు. ఆ ఉపరితల బలాన్నే ఈ రంగంలో ట్రాక్షన్ అంటారు.

చిక్కేమిటంటే, అంచు మీద ఈ రెండూ ఒకేసారి తెలియవు. బిగించిన చోట కదలిక సున్నా అని తెలుసు, అక్కడి ప్రతిచర్య తెలియదు. స్వేచ్ఛగా వదిలిన చోట ట్రాక్షన్ సున్నా అని తెలుసు, కదలిక తెలియదు. ప్రతి చోటా సగం తెలుసు, సగం తెలియదు. తెలియని సగాన్ని పట్టుకోవాలంటే లోపలి బిందువును నెమ్మదిగా అంచు మీదికే తెచ్చి అక్కడ అదే సమీకరణాన్ని రాయాలి. అప్పుడు అందులో ఉన్నవన్నీ అంచు మీది రాశులే అవుతాయి.

అంచు మీదికి తేవడం మాటల్లో సులువే. గణితంలో మాత్రం కెల్విన్ సూత్రం దూరం సున్నా అయిన చోట అనంతానికి పోతుంది. సమాకలనం సరిగ్గా ఆ చోటు మీదుగానే వెళ్లాలి. బిందువు చుట్టూ అంచును చిన్న అర్ధగోళంలా ఉబ్బించి, ఆ ఉబ్బును సున్నాకు కుదిస్తూ చూస్తే, నున్నటి అంచు దగ్గర సమీకరణంలో సరిగ్గా 1/2 అనే గుణకం బయటపడుతుంది. లోపల ఉన్నప్పుడు అది 1, వస్తువుకు బయట 0, అంచు మీద సగం. మూల దగ్గరైతే అది సగం కాదు, మూల కోణం మీద ఆధారపడుతుంది. మిగిలిన సమాకలనాన్ని కోషీ ప్రధాన విలువగా తీసుకోవాలి. అంటే బిందువుకు ఇరువైపులా సమానంగా వదిలి, రెండు పక్కల అనంతాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా చూడాలి.

1903 నాటికి ఫ్రెడ్‌హోమ్ సమాకలన సమీకరణాల సిద్ధాంతానికి గట్టి పునాది వేశాడు. తర్వాత జార్జియాలోని త్బిలిసిలో ముస్ఖెలిష్విలి, కుప్రాడ్జె స్థితిస్థాపక సమస్యల్లో దాన్ని లోతుగా తవ్వారు. అయితే చేత్తో లెక్కించగలిగే ఆకారాలు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి. కంప్యూటర్లు వచ్చాకే అసలు కదలిక మొదలైంది. 1963లో జాస్వన్, సిమ్ ఉష్ణం, విద్యుత్తు లాంటి పొటెన్షియల్ సమస్యలకు అంచు సమాకలనాలను నేరుగా అంకెలుగా మార్చి సాధించి చూపారు. 1967లో ఫ్రాంక్ రిజ్జో అదే దారిని స్థితిస్థాపకతకు తెచ్చాడు. అతని వ్యాసంలో తెలియని రాశులు ఏ కృత్రిమ సాంద్రతలో కావు, ఇంజనీరు రోజూ మాట్లాడుకునే కదలిక, ట్రాక్షన్లే. 1969లో క్రూజ్ మూడు కొలతలకు పెంచాడు. 1976లో లాషా, వాట్సన్ వంపు తిరిగిన ఎలిమెంట్లను పెట్టారు. 1970ల చివర్లో బ్రెబియా పుస్తకాలు, సదస్సుల వల్ల "బౌండరీ ఎలిమెంట్" అనే పేరు స్థిరపడింది. అప్పటికే ఫైనైట్ ఎలిమెంట్ చాలా ముందుకు వెళ్లిపోయింది. దాని పేరే 1960 నాటిది. ఆ ఆలస్యం ప్రభావం సాఫ్ట్‌వేర్లలో ఇప్పటికీ కనిపిస్తుంది.

పద్ధతి నడిచే తీరు ఇలా ఉంటుంది. అంచును మాత్రమే ఎలిమెంట్లుగా కోస్తారు. రెండు కొలతల సమస్యలో అవి చిన్న గీతలు, మూడు కొలతల్లో చిన్న త్రిభుజాలో చతుర్భుజాలో. ప్రతి ఎలిమెంట్ మీదా కొన్ని నోడ్‌లు, అంటే లెక్క కోసం ఎంచుకున్న బిందువులు. ప్రతి నోడ్ దగ్గరా ఆ అంచు సమీకరణాన్ని ఒకసారి రాస్తే కావలసినన్ని సమీకరణాలు వస్తాయి. అవన్నీ రెండు పెద్ద మాత్రికలుగా పేరుకుంటాయి. స్థానభ్రంశాలను గుణించేది హెచ్, ట్రాక్షన్లను గుణించేది జీ. తర్వాత తెలియనివన్నీ ఎడమ వైపుకు, తెలిసినవన్నీ కుడి వైపుకు వచ్చేలా రెండు మాత్రికల నిలువు వరసలను అటూ ఇటూ మార్చాలి.

ఈ మార్పిడిలో కొత్తవాళ్లకు తెలియకుండా జరిగే ప్రమాదం ఒకటుంది. హెచ్‌లో అంకెలు 1కి అటూ ఇటూ ఉంటాయి. జీలో ప్రతి అంకెకూ కింద దృఢతా గుణకం ఉంటుంది. ఉక్కుకు అది పాస్కల్స్‌లో సుమారు 8,000 కోట్లు. ఒకే మాత్రికలో కొన్ని వరసలు 1 లాంటి అంకెలతో, పక్కనే మరికొన్ని వేల కోట్లలో ఒక వంతు లాంటి అంకెలతో కూర్చుంటే సాధన దెబ్బతింటుంది. ప్రోగ్రామ్ ఎర్రర్ చూపించకపోవచ్చు, జవాబులో చివరి అంకెలు మాత్రం చెత్త అవుతాయి. ట్రాక్షన్లను ముందే దృఢతా గుణకంతో భాగించి పెట్టుకుంటే ఈ బెడద పోతుంది. ఒక్క లైను పని. చాలా పుస్తకాల్లో ఇది పాఠంలో కాకుండా ప్రోగ్రామ్ లిస్టింగ్‌లో మాత్రమే కనిపించడం బాధ కలిగించే విషయం.

హెచ్ మాత్రిక వికర్ణం సంగతి ఇంకా అందంగా ఉంటుంది. నోడ్ తన సొంత ఎలిమెంట్ మీద చేసుకునే ప్రభావం ఆ వికర్ణంలో ఉంటుంది. అనంతానికి పోయే సమాకలనాలు, మూలల దగ్గర కోణంతో మారే గుణకాలు అన్నీ అక్కడే. నేరుగా లెక్కపెట్టాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. కానీ ఒక భౌతిక సత్యం ఆ కష్టాన్ని దాదాపు ఉచితంగా తీరుస్తుంది. వస్తువు మొత్తాన్నీ వంచకుండా, సాగదీయకుండా ఒక మిల్లీమీటరు పక్కకు జరిపితే ఎక్కడా స్ట్రెస్ పుట్టదు, ట్రాక్షన్లన్నీ సున్నా. కాబట్టి స్థానభ్రంశాలన్నీ ఒకటే అయినప్పుడు హెచ్ ఇచ్చే ఫలితం సున్నా కావాలి. అంటే ప్రతి అడ్డ వరసలోనూ ఆయా దిశకు చెందిన అంకెల మొత్తం సున్నా. వికర్ణంలోది తప్ప మిగతావన్నీ మామూలు సమాకలనాలే కాబట్టి, వాటిని కూడి గుర్తు మారిస్తే వికర్ణం వచ్చేస్తుంది. ప్రధాన విలువ, మూల కోణం, 1/2 అన్నీ అందులోనే కలిసిపోతాయి.

ఈ ఉపాయానికి ఒక షరతుంది. వస్తువు పరిమితమైనదైతేనే మొత్తం సున్నా. కిర్ష్ పలక లాగా అనంతంగా పరుచుకున్న ప్రాంతంలో రంధ్రం ఉంటే, ఎక్కడో దూరంగా గీసిన ఊహావలయం వాటా కూడా కలపాలి. అప్పుడు వరస మొత్తం 0 కాదు, 1. ఒకే ప్రోగ్రామ్‌ను లోపలి సమస్యకు రాసి బయటి సమస్యకు వాడినప్పుడు ఈ 1ని మరచిపోవడం చాలా మామూలు తప్పు.

ఇక ధర సంగతి. "కొలతల సంఖ్య ఒకటి తగ్గుతుంది" అనేది ఈ పద్ధతి గురించి అన్ని చోట్లా వినిపించే ప్రచారం. నిజమే, కానీ అది సగం నిజం. ఒక ఘనాన్ని తీసుకుని ప్రతి అంచునూ 50 ముక్కలు చేద్దాం. లోపలంతా నింపితే 51 × 51 × 51, అంటే 1,32,651 నోడ్‌లు. నోడ్‌కు మూడు దిశల చొప్పున 3,97,953 తెలియని రాశులు. ఉపరితలం మీద మాత్రమే అయితే 15,002 నోడ్‌లు, 45,006 తెలియని రాశులు. దాదాపు తొమ్మిదో వంతుకు తగ్గింది. ఇక్కడిదాకా బాగుంది.

ఇప్పుడు మాత్రికలు చూడాలి. ఫైనైట్ ఎలిమెంట్‌లో ఒక నోడ్ తన పక్కవాళ్లతోనే మాట్లాడుతుంది. ఈ ఘనంలో తనతో కలిపి గరిష్ఠంగా 27 నోడ్‌లు, అంటే వరసకు 81 అంకెలు. మొత్తం 3.2 కోట్ల అంకెలు, అంకెకు 8 బైట్ల చొప్పున పావు గిగాబైట్‌కు కాస్త ఎక్కువ. అంచు పద్ధతిలో ప్రతి నోడ్ మిగతా అన్ని నోడ్‌లతోనూ మాట్లాడుతుంది, ఎందుకంటే కెల్విన్ సూత్రంలో ఎక్కడి బలమైనా అన్ని చోట్లా ప్రభావం చూపుతుంది. 45,006 వరసలు, వరసకు 45,006 అంకెలు, అన్నీ సున్నా కానివే. 202 కోట్ల అంకెలు. 16 గిగాబైట్లు. దాన్ని నేరుగా సాధించడానికి సుమారు 60 లక్షల కోట్ల గుణకారాలు, కూడికలు కావాలి. పైగా మెష్‌ను, అంటే ఈ ముక్కల అల్లికను, రెట్టింపు సన్నగా చేస్తే తెలియని రాశులు 4 రెట్లు, మెమరీ 16 రెట్లు, పని 64 రెట్లు. ఫైనైట్ ఎలిమెంట్‌లో కూడా నేరుగా సాధిస్తున్నప్పుడు మాత్రికలో ఖాళీలు నిండుతాయి, కాబట్టి పోలిక కచ్చితంగా ఇంత ఏకపక్షం కాదు. కానీ సాధారణ ఘన వస్తువుకు అంచు పద్ధతి చవక అన్న మాట మాత్రం నిలబడదు.

మరి ఎందుకు వాడాలి? కొలత తగ్గిందని కాదు. లోపలి భాగం ఉజ్జాయింపు లేకుండా నిజంగా సరిగ్గా లెక్కలోకి వస్తుందని. ఎక్కడ లోపలి భాగం చాలా పెద్దదో, ఎక్కడ మనకు కావలసింది అంచు దగ్గరే ఉందో, అక్కడ ఈ పద్ధతికి పోటీ దొరకడం కష్టం.

భూగర్భం దీనికి మంచి ఉదాహరణ. సొరంగం చుట్టూ ఉన్న రాయికి అంతు లేదు. ఫైనైట్ ఎలిమెంట్‌లో ఎక్కడో ఒక గోడ కట్టి ఆపాలి, ఆ గోడ ఎంత దూరం ఉండాలన్నది ఎప్పుడూ టెన్షనే. అంచు పద్ధతిలో సొరంగం గోడను మాత్రమే ముక్కలు చేస్తే సరిపోతుంది. నేల ఉపరితలం కూడా దగ్గర్లో ఉంటే కెల్విన్ సూత్రానికి బదులు 1936లో మిండ్లిన్ ఇచ్చిన సూత్రం వాడవచ్చు. స్వేచ్ఛగా ఉన్న సమతల ఉపరితలం కింద, లోపల బలం వేసినప్పటి జవాబు అది. నేల మీద ట్రాక్షన్ సున్నా అన్న షరతు సూత్రంలోనే కూర్చుని ఉంటుంది కాబట్టి నేలను మెష్ చేయనే అక్కర్లేదు.

భూకంపాల అధ్యయనంలో ఇదే ఆలోచన ఇంకో రూపంలో రోజూ వాడుకలో ఉంది. భూఫలకంలో పగులు రేఖకు రెండు పక్కలా ఉన్న రాయి ఒకదాని మీద ఒకటి జారితే, ఆ పగులే ఒక లోపలి అంచు. జారిన మేర ఇంత అని ఇస్తే నేల ఉపరితలం ఎక్కడ ఎంత కదులుతుందో బెట్టి సిద్ధాంతం నుంచే వస్తుంది. 1985లో జపాన్ శాస్త్రజ్ఞుడు ఒకాడా దీర్ఘచతురస్రాకార పగులుకు పూర్తి సూత్రాలను ఒక చోట చేర్చి ప్రచురించాడు. 1992 జూన్‌లో కాలిఫోర్నియాలోని లాండర్స్ దగ్గర వచ్చిన భూకంపంలో నేల కదిలిన తీరును ఉపగ్రహ రాడార్ చిత్రాలు పట్టుకున్నాయి. 1993లో ఆ చిత్రాలను ప్రచురించినప్పుడు పక్కన పెట్టి పోల్చింది ఇలాంటి స్థితిస్థాపక నమూనాతోనే. కిలోమీటర్ల లోతులో ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. ఉపరితలం మీది కొలతల నుంచి వెనక్కి నడిచి లోతులో జారుడు ఎంతో అంచనా కడతారు.

పగుళ్ల సమస్యలో అంచు పద్ధతి బలం, బలహీనత రెండూ ఒకేసారి కనిపిస్తాయి. పగులు పెరిగే కొద్దీ చివరన కొన్ని ఎలిమెంట్లు చేర్చితే చాలు, లోపలి మెష్‌ను మళ్లీ కోయక్కర్లేదు. అయితే పగులుకు రెండు ముఖాలు, రెండూ ఒకే చోట ఉన్నాయి. ఈ ముఖం మీది నోడ్ దగ్గర రాసిన సమీకరణం, ఆ ముఖం మీది నోడ్ దగ్గర రాసిన సమీకరణం అచ్చు ఒకటే అవుతాయి. తెలియనివి రెండు, సమీకరణం ఒకటి. దీని నుంచి బయటపడటానికి 1976లో క్రౌచ్ రెండు ముఖాల కదలికల తేడానే తెలియని రాశిగా తీసుకున్నాడు. గనుల ఇంజనీర్లు దీన్ని బాగా అక్కున చేర్చుకున్నారు. ఇంకో దారిలో ఒక ముఖం మీద స్థానభ్రంశ సమీకరణాన్ని, రెండో ముఖం మీద దాన్ని అవకలనం చేసి తెచ్చిన ట్రాక్షన్ సమీకరణాన్ని రాస్తారు. 1992లో పోర్టెలా, అలియాబాది, రూక్ పగుళ్ల లెక్కలో దీన్ని చక్కగా నిలబెట్టారు. అవకలనం చేయడంతో అనంతం ఇంకో మెట్టు పైకెక్కుతుంది, ప్రధాన విలువ కూడా ఉండదు. హడమార్ పరిమిత భాగం అనే అర్థంలో, అంటే అనంతానికి పోయే పదాన్ని పక్కన పెట్టి మిగిలినదాన్నే ఉంచుకుని, సమాకలనం తీసుకోవాలి. రెండు ముఖాల ఉపాయం పనిచేయాలంటే ఈ బరువు మోయక తప్పదు.

ఘనపరిమాణం మారని పదార్థాల దగ్గర మాత్రం కష్టమేమీ లేకుండానే లాభం వస్తుంది. పాయిజాన్ నిష్పత్తి 0.5కు దగ్గరయ్యే కొద్దీ సాధారణ ఫైనైట్ ఎలిమెంట్లు బిగుసుకుపోయి అసలు కంటే చాలా తక్కువ కదలిక చూపిస్తాయి. దాన్ని తప్పించడానికి ప్రత్యేక ఎలిమెంట్లు కావాలి. కెల్విన్ సూత్రంలో 0.5 పెడితే ఏ భాగహారమూ పేలదు.

పనికిరాని చోట్లను దాచాల్సిన పని లేదు. పదార్థం చోటు చోటుకూ మారిపోతుంటే దానికి తగిన కెల్విన్ లాంటి సూత్రం చేతిలో ఉండదు. శాశ్వత వంపు మొదలైతే లోపల కూడా ముక్కలు చేయక తప్పదు, అప్పుడు అంచు పద్ధతి ప్రయోజనం సగానికి సగం పోతుంది. బరువు లాంటి సరళమైన బలాలను అంచుకు మార్చవచ్చు, సంక్లిష్టమైన వాటికి 1982లో నార్డిని, బ్రెబియా చూపిన దారి ఉంది. పలుచటి రేకులతోనూ ఇబ్బందే, ఎందుకంటే రెండు ముఖాలూ అతి దగ్గరగా ఉంటాయి. పక్క ముఖం మీది బిందువు నుంచి చూస్తే సమాకలనం అనంతం కాదు గానీ అనంతమంత నిటారుగా లేస్తుంది. మామూలు సంఖ్యా సూత్రాలు ఆ శిఖరాన్ని దాటేసి పోతాయి. 1987లో టెల్లిస్ ఇచ్చిన చలరాశి మార్పిడి లాంటివి బిందువులను ఆ శిఖరం దగ్గరికి గుమికూడేలా చేస్తాయి.

ఇదే చిక్కు లోపలి స్ట్రెస్‌ను అడిగినప్పుడూ వస్తుంది. అంచుకు బాగా దగ్గరగా, ఒక ఎలిమెంట్ పొడవు కంటే తక్కువ దూరంలో ఉన్న బిందువు దగ్గర స్ట్రెస్ అడిగితే వచ్చే అంకెలను గుడ్డిగా నమ్మకూడదు. సరిగ్గా అంచు మీద కావాలంటే ఆ సమాకలనాల జోలికే పోకుండా, అంచు వెంబడి కదలిక ఎలా మారుతోందో చూసి సాగుడు తేల్చి, దానికి ట్రాక్షన్ కలిపి స్ట్రెస్ రాబట్టడం మేలు.

రెండు కొలతల సమస్యల్లో ఇంకో చిత్రమైన సంగతి ఉంది. అక్కడ కెల్విన్ సూత్రంలో దూరానికి బదులు దూరపు లాగరిథమ్ వస్తుంది. దాంతో వస్తువు ఆకారం అదే ఉన్నా, ఏదో ఒక ప్రత్యేక సైజు దగ్గర జీ మాత్రిక సాధనకు లొంగకుండా పోతుంది. స్థితిస్థాపకతలో అలాంటి సైజులు మామూలుగా రెండు ఉంటాయి. కొలతలను మీటర్ల నుంచి మిల్లీమీటర్లకు మారిస్తే సమస్య మాయమైతే, కారణం ఇదే అయి ఉండవచ్చు.

నిండు మాత్రికల భారాన్ని తగ్గించిన ఆలోచన 1980లలో వచ్చింది. దూరంగా ఉన్న ఎలిమెంట్ల గుంపును విడివిడిగా చూడక్కర్లేదు. వెయ్యి ఎలిమెంట్ల ప్రభావం దూరం నుంచి చూస్తే కొద్దిపాటి పదాలున్న ఒకే విస్తరణలా కనిపిస్తుంది. రోఖ్లిన్ 1985లో, గ్రీన్‌గార్డ్‌తో కలిసి 1987లో దీన్ని ఫాస్ట్ మల్టీపోల్ పద్ధతిగా తీర్చిదిద్దారు. 1999లో హాక్‌బుష్ అదే భావాన్ని మాత్రికల భాషలో చెప్పి, దూరపు గడుల దిమ్మెలను సన్నటి మాత్రికల లబ్ధంగా నిల్వ చేసే దారి వేశాడు. వీటితో మెమరీ తెలియని రాశుల వర్గంలా కాకుండా దాదాపు వాటి సంఖ్యతో పాటే పెరుగుతుంది. పైన చెప్పిన ఘనం లాంటి సమస్యలు వీటితో మామూలు కంప్యూటర్‌కు కూడా తేలికైపోయాయి. కాకపోతే ఈ పద్ధతులను ప్రోగ్రామ్‌గా రాయడం అసలు అంచు పద్ధతి రాయడం కంటే చాలా పెద్ద పని.

సొంతంగా ప్రోగ్రామ్ రాసుకున్నవాళ్లు ఫలితాన్ని ఎలా పరీక్షించాలి? బిగించిన చోట వచ్చిన ట్రాక్షన్లను కూడి, వేసిన భారంతో సరిపోతుందో లేదో చూడటం మంచి మొదటి పరీక్ష. ఫైనైట్ ఎలిమెంట్‌లో ప్రతిచర్యలు భారంతో ఎప్పుడూ అచ్చంగా సరిపోతాయి, కాబట్టి అక్కడ ఆ కూడిక మెష్ మంచిదో కాదో చెప్పదు. అంచు పద్ధతిలో నోడ్‌ల దగ్గర మాత్రమే సమీకరణం రాస్తాం కాబట్టి సమతౌల్యం ఉజ్జాయింపుగానే వస్తుంది. మిగిలిన తేడా ఎంతో చూస్తే మెష్ ఎంత ముతకగా ఉందో తెలుస్తుంది.

తర్వాతి పరీక్ష కిర్ష్ పలకే. సమస్యను రెండుగా విడగొట్టాలి. మొదటిది రంధ్రం లేని పలక, అంతటా ఒకే స్ట్రెస్. రెండోది రంధ్రం అంచున మొదటి దానికి సరిగ్గా వ్యతిరేకమైన ట్రాక్షన్లు వేసిన అనంత పలక. కంప్యూటర్‌కు ఇచ్చేది రెండోదాన్నే, అందులో మెష్ చేయాల్సింది ఒక్క వృత్తాన్ని. ఆ ట్రాక్షన్ల మొత్తం సున్నా కాబట్టి దూరాన కదలిక చచ్చిపోతుంది, లాగరిథమ్ గొడవ ఉండదు. అడ్డంగా ఉన్న బిందువు దగ్గర కంప్యూటర్ 2 ఇవ్వాలి, దానికి మొదటి పలక 1 కలిపితే 3. లాగే దిశలోని బిందువు దగ్గర కంప్యూటర్ మైనస్ 1 ఇవ్వాలి, అక్కడ మొదటి పలక ఇచ్చేది సున్నా. ఎలిమెంట్లను రెట్టింపు చేసిన ప్రతిసారీ అంకెలు వీటికి దగ్గరవుతూ పోవాలి. వేరే ఏదో అంకె దగ్గర స్థిరంగా ఆగిపోతే మెష్‌ను అనుమానించకూడదు. హెచ్ వికర్ణంలో వరస మొత్తాన్ని 1కి బదులు 0గా పెట్టారేమో, రంధ్రం అంచున లంబ దిశ రంధ్రంలోకి కాకుండా పలకలోకి చూస్తోందేమో, ఈ రెండూ ముందు చూడాలి.